కలివికోడిని వెతకాలనుకునేవాళ్లకు

బద్వేలు నుంచి సిద్ధవటం వైపు లంకమల కొండల అంచున పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా కంపే కనిపిస్తుంది. రేగు, పరికి, బలుసు, చండ్ర, కలివి పొదలు, మధ్యమధ్యలో గులకరాళ్ల ఖాళీ నేల. కొత్తవాళ్ల కళ్లకు అదంతా ఎందుకూ పనికిరాని బీడు. ఇలాంటి నేలను కాగితాల మీద కూడా చాలాచోట్ల బంజరు అనే రాస్తారు. ప్రపంచం మొత్తంలో కలివికోడి అనే పక్షి బతుకుతున్నట్టు ఈ కాలంలో గట్టిగా రుజువు దొరికిన చోటు ఈ కంప, దీని చుట్టుపక్కల నేల మాత్రమే. మొత్తం పక్షులు 50 నుంచి 249 మధ్య ఉండవచ్చని అంచనా. అంతరించిపోవడానికి ఒక్క మెట్టు ముందున్న జాతుల పట్టికలో దాని పేరుంది.

నాకు ఈ పక్షి మీద ఎంత ప్రేమ ఉందో అంత దిగులూ ఉంది. దాన్ని వెతకడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా దూరం నుంచే వస్తారు. నాలుగు రోజులు ఉండి వెళ్లిపోతారు. ఏడాది పొడుగునా ఆ కంప పక్కనే ఉండే మనకు దాని గొంతు తెలియదు. కడప, నెల్లూరు, అనంతపురం, చిత్తూరు పల్లెల్లో పది మందికైనా ఆ పిలుపు చెవిన పడగానే గుర్తుపట్టడం వస్తే, ఎక్కడో ఒకచోట అది దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫొటో కోసం వచ్చినవాళ్లకు మాత్రం ముందే చెబుతున్నా, ఈ పనిలో కెమెరా వాటా చాలా తక్కువ. ఎక్కువ పని చెవితో, నేలను చదివే కంటితో, నోట్‌బుక్కుతో.

మొదటి అడుగు: అది ఎలా తప్పిపోయిందో, ఎలా దొరికిందో తెలుసుకోండి

చరిత్ర ఎందుకంటే, ఎక్కడ వెతకాలో చెప్పేది అదే.

మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ ద్వారా ఈ పక్షి మొదట శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. ఇంగ్లిషువాళ్లు దాన్ని ఇప్పటికీ జెర్డాన్ పేరుతోనే పిలుస్తారు, జెర్డాన్స్ కోర్సర్ అని. ఆ తర్వాత 50 ఏళ్లలో నెల్లూరు, కడప, భద్రాచలం వైపు, గోదావరికి అవతల సిరొంచ వైపు అక్కడక్కడా కనిపించింది. అంటే ఒకప్పుడు పెన్నా లోయలోనూ గోదావరి లోయలోనూ ఉండేదన్నమాట. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూసిందే చివరిసారి. తర్వాత 86 ఏళ్లు దాని జాడ లేదు. పుస్తకాల్లో దాన్ని అంతరించిన పక్షుల్లో కలిపేశారు.

వెతకలేదని కాదు. పెద్దపెద్దవాళ్లే వచ్చి వెతికారు, కానీ పగలు వెతికారు. ఇది రాత్రి తిరిగే పక్షి.

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఇక్కడికి వచ్చి, బొమ్మలు పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరిగాడు. కంపలో పిట్టలు పట్టే ఐతన్నకు ఆ బొమ్మలోని పక్షి కొత్తది కాదు. 1986 జనవరిలో లంకమల కింద, రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో ఐతన్న దాన్ని పట్టుకున్నాడు. ప్రపంచం మరిచిపోయిన పక్షిని ఒక పల్లె మనిషి చేతుల్లో పెట్టి చూపించాడు. పట్టుకున్న ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కానీ దాని వల్లే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, సుమారు 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివికోడిదని తేలింది. శాస్త్రం చేతికి వచ్చిన కలివికోడి గుడ్డు అదొక్కటే. దాన్ని 1917లో సేకరించింది కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు. కోలార్ అంటే మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. ఆ వైపు ఈ పక్షి ఉండేదని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. కాబట్టి మ్యాపులో గీసిన గీత లోపలే వెతకాలని రూలేమీ లేదు.

రెండో అడుగు: రూపం కళ్లకు కట్టుకునేదాకా చూడండి

పొడవు 27 సెంటీమీటర్లు. పొలాల్లో తిరిగే పసుపు తీతువు అంత ఉంటుంది. పొడుగు కాళ్లు, నిటారుగా నిలబడే తీరు, ఎగరడం కన్నా పరుగెత్తడమే ఇష్టం. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు. దాని శాస్త్రీయ నామంలో రెండో మాటకు రెండు కంటెలు ఉన్నది అని అర్థం. మెడలో రెండు కాసులదండలు వేసినట్టే ఉంటుంది. గొంతు మీద ఇటుకరంగు మచ్చ. కంటిపైన వెడల్పాటి తెల్ల కనుబొమ్మ. నడినెత్తిన సన్నటి తెల్ల గీత. ముక్కు మొదట్లో పసుపు, కొసన నలుపు. కళ్లు మాత్రం ఒంటికి మించి పెద్దవి, చీకట్లో చూడటానికి. ఎగిరినప్పుడు రెక్క కొసల దగ్గర తెల్ల మచ్చలు, నల్ల తోక కనిపిస్తాయి.

దీని దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలో ఉన్నాయి. మన ఊళ్ల పక్కన దున్నిన చేలల్లో పగటిపూట పరుగులు తీసే ఇండియన్ కోర్సర్ కూడా దూరపు చుట్టమే. ఎర్రటి రొమ్ముతో అందంగా ఉంటుంది. దాన్ని చూసి కలివికోడి అనుకునేవాళ్లు చాలామంది. పట్టపగలు, బయలు నేల మీద, రొమ్మున పట్టీలు లేకుండా కనిపించింది కలివికోడి కాదు.

పగలు ఇది పొదల నీడలో కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక పొదల మధ్య ఖాళీ నేల మీద తిరుగుతూ మేస్తుంది. రెట్టలను పరీక్షిస్తే ఎక్కువగా చెదలు, చీమలు తిన్నట్టు తేలింది. కంపలో చెదపుట్టలు కనిపించినప్పుడు దాని కంచం కనబడినట్టే అనుకోవచ్చు.

మూడో అడుగు: ముందు మీ ఊరి రాత్రిని నేర్చుకోండి

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. నేరుగా లంకమలకు పోయి కూర్చుంటారు. వినిపించిన ప్రతి గొంతూ కలివికోడిలాగే అనిపిస్తుంది. కనీసం రెండు నెలలు మీ ఊరి బయట, చెరువు కట్ట మీదో చేను గట్టు మీదో, పొద్దుగూకే వేళ గంటసేపు కూర్చోండి. ఇవి గుర్తుపట్టడం రావాలి:

- ఎర్ర తీతువు. అర్ధరాత్రి కూడా అరుస్తుంది. అపశకునమని మన పెద్దలు భయపడేది దీని అరుపుకే. మనిషినో నక్కనో చూసి అరుస్తుంది పాపం, దానికి మన శకునాలతో పనిలేదు. తెంపులేకుండా కీచుగా, కంగారుగా ఉంటుంది గొంతు.
- నైట్‌జార్. నేల మీద, మట్టి రోడ్ల మీద కూర్చుంటుంది, టార్చి వేస్తే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. ఒక రకం గొంతు గోలీని బండ మీద వదిలితే అది ఎగిరెగిరి ఆగినట్టు ఉంటుంది: చక్... చక్... చక్ చక్ చక్‌ర్ర్.
- స్టోన్ కర్లూ. పెద్ద పసుపు కళ్లు, పొడుగు కాళ్లు. ఈల వేసినట్టు మొదలై గొంతు పెంచుకుంటూ పోతుంది. ఇది కూడా కంపలోనే ఉంటుంది, రాత్రే తిరుగుతుంది కాబట్టి కలివికోడితో పొరబడటానికి మొదటి కారణం ఇదే.
- పైడికంటెలు, గుడ్లగూబలు. కిచకిచలాడే చిన్నవి ఒకరకం, ఒక్కో మాటా ఆగి ఆగి పలికేవి ఇంకోరకం.
- కౌజు. చీకటి చిక్కబడేలోపే ఆపేస్తుంది. అది ఆపింది అంటే మన సమయం దగ్గరపడింది.
- వానాకాలపు పూరేడు. దీనితో బాగా జాగ్రత్త. విక్-విక్, విక్-విక్ అని రెండేసి మాటలుగా అంటుంది, వానలప్పుడు రాత్రిళ్లు కూడా. నేను మొదటిసారి విన్నప్పుడు గుండె ఆగినంత పనైంది. మరుసటి వారం పొద్దున్నే అదే చోట అదే గొంతు విని, పూరేడని తెలుసుకున్నాను.

కలివికోడి పిలుపు కూడా రెండు మాటలే. రాతలో పెడితే ట్విక్-టూ... ట్విక్-టూ... అని. మొదటిది పదునుగా, రెండోది కొంచెం సాగి. సెకనుకు ఒకటి చొప్పున, రెండు మూడు సార్ల నుంచి 16 సార్ల దాకా వరుసగా అంటుంది. దగ్గర్లో ఇంకోటి ఉంటే జవాబిస్తుంది. పూరేడు రెండు మాటలూ ఒకే ఎత్తులో ఉంటాయి, కలివికోడి రెండు మాటలూ ఒకటి కావు. ఈ తేడా చదివితే రాదు, రికార్డింగు వినాలి. శాస్త్రవేత్తలు రికార్డు చేసినవి పక్షుల గొంతులు భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారాల్లో ఉన్నాయి. ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా వినండి.

ఈ గొంతు మనకు తెలిసి ఎన్నో ఏళ్లు కాలేదు. పక్షి దొరికిన 1986 నుంచి చాలాకాలం దాని పిలుపు ఏదో తెలియకుండానే వెతికారు. 2000ల మొదట్లో పరిశోధకులు జెగనాథన్, రైస్ గ్రీన్, వాళ్ల సహచరులు కలిసి పనిచేసినప్పుడే అది ఖాయమైంది. అప్పటినుంచి వెతికే పద్ధతే మారిపోయింది.

నాలుగో అడుగు: పగటిపూట నేలను చదవండి

కలివికోడికి దట్టమైన అడవి అక్కర్లేదు, బోడి నేలా పనికిరాదు. శాస్త్రవేత్తలు పొదలు లెక్కపెట్టి చెప్పిన కొలత ఇది: రెండు మీటర్ల కన్నా ఎత్తైన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, అంతకన్నా పొట్టివి వెయ్యి లోపు. అంటే తల దాచుకోవడానికి పెద్ద పొద, పరుగెత్తడానికి కింద ఖాళీ.

హెక్టారంతా ఎవరు లెక్కపెడతారు? నేను చేసే పద్ధతి చెబుతాను. 10 మీటర్ల తాడు ఒకటి తీసుకోండి. ఒకరు మధ్యలో తాడు కొస పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు రెండో కొస పట్టుకుని చుట్టూ తిరగాలి. ఆ వలయంలో మనిషి చెయ్యెత్తినంత ఎత్తున్న పొదలు ఎన్ని, అంతకన్నా చిన్నవి ఎన్ని? పెద్దవి 9 నుంచి 22 మధ్య, చిన్నవి 31 లోపు ఉంటే ఆ చోటు కలివికోడి కొలతకు సరిపోయినట్టు. ఒక్క వలయంతో తేల్చేయకండి. వంద అడుగులకొకటి చొప్పున ఐదారు చోట్ల వేసి సరాసరి తీయండి. ఎండ మండిపోతుంది కాబట్టి పొద్దున 7 గంటలకే మొదలుపెడితే మేలు.

లెక్కతో పాటు ఇవి కూడా రాసుకోండి: ఏ ఏ పొదలు, చెదపుట్టలు ఉన్నాయా, నేల గులకా ఇసుకా, మేకలు మేస్తున్నాయా, కట్టెలు కొట్టిన మొదళ్లు ఎన్ని, సర్కారు కంప ఎంత పాకింది. సర్కారు కంప ఒకసారి కమ్ముకుందంటే కింద పరుగెత్తడానికి చోటే మిగలదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేకలను పూర్తిగా ఆపేస్తే పక్షి బాగుపడుతుందని అనుకుంటారు. అంత సులువు కాదు. మితంగా మేత, మితంగా కట్టెలు కొట్టడం ఉన్నచోటే ఈ పొదల మధ్య ఖాళీ నిలబడుతుంది. మరీ ఎక్కువైతే పొదలే పోతాయి, అసలు లేకపోతే కంప దట్టమై దారి మూసుకుపోతుంది. పక్షిని ఈ కంప నుంచి నిజంగా తరిమేసేవి వేరే ఉన్నాయి. పొదలు పెరికి నిమ్మతోటలు వేయడం, క్వారీలు, కాలువలు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకానికి వచ్చిన యంత్రాలు కలివికోడి తిరిగే చోటే పొదలను తోసేశాయి. పక్షి అడుగుజాడలు వెతుకుతూ అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి కాలువ దారి మారింది, పక్షి కోసం అభయారణ్యం పక్కన దాదాపు 3,000 ఎకరాలు సేకరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. నేలను చదివి రాసిపెట్టిన కాగితం ఎంత పని చేస్తుందో అప్పుడు తెలిసొచ్చింది.

ఐదో అడుగు: కాపరిని అడగండి, మీరే జవాబు చెప్పకండి

గొర్రెల మంద వెంట రాత్రిళ్లు కంపలో పడుకునేవాళ్లకన్నా ఆ నేల ఎవరికీ తెలియదు. కానీ అడిగే తీరులోనే అంతా ఉంది. జేబులోంచి ఫొటో తీసి "ఈ పక్షిని చూశారా?" అంటే, మన మొహం చూసి "చూసినాం సార్" అంటారు. మర్యాదకు అంటారు, అబద్ధం చెప్పాలని కాదు.

నేను ఇట్లా మొదలుపెడతాను. "ఏం మామా, రాత్రిపూట మంద దగ్గర పడుకుంటే ఏమేం అరుస్తుంటాయి?" ఒకసారి ఒక పెద్దాయన బీడీ ఆర్పి కాసేపు ఆలోచించి చెప్పాడు. "నక్కలు. గూబలు. తీతవ పిట్ట. ఇంగోటి ఉంటాది, నేల మీద పరిగెత్తాది, లైటు ఏస్తే అట్టే నిలబడిపోతాది." "ఎంత ఉంటుంది మామా?" చెయ్యి నేలకు జానెడు పైన పెట్టి చూపించాడు. "రొమ్ము ఎట్లుంటుంది?" "అంత జూడలేదు నాయనా. కండ్లు మాత్రం పెద్దవి."

అది స్టోన్ కర్లూ కూడా కావచ్చు. పట్టీలు చూశానని ఆయన చెప్పి ఉంటే నేను ఆ రాత్రి నిద్రపోయేవాణ్ని కాదు. చూడనిది చూడలేదని చెప్పిన ఆ మనిషి మాటకు విలువ ఎక్కువ. ఆ చోటు నా నోట్‌బుక్కులో గుర్తు పెట్టుకున్నాను.

ముందు ఎక్కడ, ఏ నెలలో, ఎంత ఎత్తు, ఏం చేస్తూ, గొంతు ఎట్లా అని అడగండి. బొమ్మలు చివర్లో చూపించండి. అవి కూడా ఒకటి కాకుండా ఐదారు, కలివికోడి, రెండు రకాల తీతువులు, స్టోన్ కర్లూ, ఇండియన్ కోర్సర్, నైట్‌జార్ అన్నీ కలిపి. గొంతులు కూడా అలాగే. ఇంకోటి, పక్షిని పట్టి తెస్తే డబ్బులిస్తామనే మాట నోట రాకూడదు. అది చట్టప్రకారం నేరం, పక్షికి ప్రాణాంతకం.

ఆరో అడుగు: అనుమతి, ప్రాణభద్రత

కలివికోడి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. అభయారణ్యంలోకి రాత్రిపూట ఎవరుపడితే వాళ్లు పోకూడదు. కడప అటవీశాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగండి, ఎందుకో, ఎన్ని రోజులో, ఎవరెవరో రాసి. ఇవి ఎర్రచందనం కొండలు. రాత్రిపూట అక్కడ దొంగలూ తిరుగుతారు, వాళ్ల కోసం పోలీసులూ కాపు కాస్తారు. అనుమతి లేకుండా చీకట్లో కంపలో కనబడితే ఎవరు ఎవరనుకుంటారో చెప్పలేం. అనుమతి వచ్చినా ఫారెస్ట్ వాచరు తోడు లేకుండా పోవద్దు.

అభయారణ్యం బయట, ఊరి పక్క కంపలో వినడానికి ఇంత తతంగం లేదు. ఊరివాళ్లకు, భూమి ఉన్నవాళ్లకు చెప్పి పోతే చాలు. మొదటి ఏడాది అక్కడే వెతకమని నా సలహా.

ఎక్కడికి పోయినా కాళ్లకు మందపాటి బూట్లు వేసుకోండి. రక్తపింజర, చిన్నపింజర, కట్లపాము మూడూ ఈ నేలలోనే ఉన్నాయి. కూర్చునే చోటును వెలుతురుండగానే కట్టెతో తట్టి చూసుకోవాలి. పాముకాటు మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో పోకముందే ఫోన్ చేసి కనుక్కోండి. కరిస్తే కోయడం, పీల్చడం, నాటు మందు లాంటివి ఏవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే. ఎలుగుబంట్లు కూడా ఉంటాయి కాబట్టి ఒక్కరే పోకూడదు. ఇద్దరు సరిపోతారు, నలుగురైతే మాటలు ఎక్కువవుతాయి.

ఏడో అడుగు: ఆ 20 నిమిషాలు

అసలు పని ఇదే.

కలివికోడి పిలుపు సూర్యుడు అస్తమించాక 45–50 నిమిషాలకు మొదలవుతుంది. కొన్ని నిమిషాలు, మహా అయితే 20 నిమిషాలు ఉంటుంది. తర్వాత మౌనం. ఇరవై నిమిషాల సందు అది. దాన్ని దాటి పోయినవాళ్లు రాత్రంతా తిరిగినా వినలేరు.

కడపలో జనవరి నడుమ సూర్యుడు 6 గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. అంటే 6:45కు చెవులు సిద్ధం కావాలి. జూన్‌లో అస్తమయం దాదాపు 6:45కు, కాబట్టి 7:30. ఆ రోజు సమయం ఫోన్లో చూసుకుని నోట్‌బుక్కులో రాసుకోండి, అంచనాతో పోవద్దు.

సూర్యుడు ఉండగానే చోటు చేరండి. పొదకు ఆనుకుని, కొంచెం ఎత్తున్న బండ మీద కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి స్క్రీన్ వెలుతురు పూర్తిగా తగ్గించండి. కరకరలాడే ప్లాస్టిక్ కవర్లు, గరగరమనే జాకెట్లు వద్దు. అగరుబత్తి, దోమల మందు, టార్చి కూడా వద్దు. గాలి గట్టిగా ఉన్న రోజు ఇంటికి వచ్చేయడమే మంచిది, ఏమీ వినిపించదు.

ఆ సాయంత్రం ఎలా ఉంటుందో చెబుతాను. మొదట కౌజులు గోలగోలగా అరుస్తాయి. ఎక్కడో నెమలి. మేకల గంటలు ఊరివైపు పోతూ సన్నబడతాయి. పడమట ఎరుపు తగ్గి లంకమల గట్టు నల్లటి గీతలాగా మిగులుతుంది. ఒక నైట్‌జార్ తల మీదుగా చప్పుడు లేకుండా పోతుంది. కౌజు ఆగిపోతుంది. పురుగుల మోత తప్ప ఇంకేమీ లేని ఒక ఖాళీ వస్తుంది. మన గుండె కొట్టుకోవడం మనకే వినబడుతుంటుంది. ఆ ఖాళీలోనే అది పిలుస్తుంది, పిలిస్తే.

చెవుల వెనుక రెండు అరచేతులూ దోసిలిలా పెట్టి మెల్లగా తల తిప్పండి. దిక్కు తెలుస్తుంది. ఇద్దరూ వేరువేరుగా గడియారం ముల్లు లెక్కన దిక్కు రాసుకోండి, మాట్లాడుకోకుండా. తర్వాత పోల్చి చూసుకోండి. మాట్లాడుకుంటే ఒకరి ఊహ ఇంకొకరి చెవిలో పడుతుంది.

రికార్డింగు వేసి దాన్ని పిలవాలని బుద్ధి పుడుతుంది. వేయకండి. శిక్షణ ఉన్న పరిశోధకులు అనుమతితో, లెక్కప్రకారం వేస్తారు. మనలాంటివాళ్లు తలా ఒకసారి వేస్తే, తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని ఆ పక్షి మేత మానేసి ఆందోళన పడుతుంది. ఇంత తక్కువ సంఖ్యలో మిగిలిన జీవిని అలా వేధించే హక్కు మనకు లేదు. పిలుపు వినబడిన దిక్కుకు టార్చి వేసుకుని పరుగెత్తడం కూడా అంతే తప్పు. కూర్చున్న చోటే కూర్చోండి.

ఎనిమిదో అడుగు: తెల్లారి అడుగుజాడలు

పక్షిని చూడకుండా పక్షిని కనిపెట్టే మార్గం ఇది. పరిశోధకులు పొదల మధ్య నేలను ఊడ్చి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని 5 మీటర్ల పొడుగున పట్టీలాగా పరిచేవాళ్లు. రాత్రి ఏది దాని మీద నడిచినా పొద్దున్నే ముద్ర ఉంటుంది. అలాంటి చోట్లే కెమెరాలు పెట్టి ఫొటోలు కూడా తీశారు. అభయారణ్యంలో పట్టీ పరచడానికి ప్రత్యేకంగా అనుమతి కావాలి. ఊరి పక్కన అయితే బండ్లబాటలో దుమ్ము, వాన వెలిశాక వంకలో ఆరీ ఆరని ఇసుక, ఇవే మన పట్టీలు.

పొద్దున ఎండ వాలుగా పడుతున్నప్పుడు వంగి చూడండి, నీడ వల్ల ముద్ర లోతు కనిపిస్తుంది. కలివికోడికి ముందుకు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. వెనక వేలి గుర్తు స్పష్టంగా ఉంటే అది కౌజో పూరేడో నెమలో, వదిలేయండి. ఎర్ర తీతువుకు వెనక చిన్న వేలు ఉంటుంది కానీ నేలకు ఆనకపోవచ్చు. పసుపు తీతువుకు, స్టోన్ కర్లూకు కూడా మూడు వేళ్లే, స్టోన్ కర్లూది పెద్ద పాదం. కాబట్టి మూడు వేళ్ల ముద్ర కనబడగానే గెంతులేయకూడదు. పక్కన స్కేలు పెట్టి, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. ఒక్క ముద్ర చాలదు, వరుసగా నాలుగైదు తీసి, అడుగుకూ అడుగుకూ మధ్య దూరం కూడా కొలవండి. తీతువా కలివికోడా అనేది ఆ కొలతలు చూసి నిపుణులు తేలుస్తారు.

తొమ్మిదో అడుగు: వింటే ఏం చేయాలి

ముందు ఫోన్లో రికార్డు నొక్కండి. గొంతు సన్నగా ఉన్నా ఫర్వాలేదు. పిలుపు ఆగాక అదే రికార్డింగులో మెల్లగా తేదీ, సమయం, చోటు, దిక్కు, గాలి ఎలా ఉందో చెప్పండి. ఆ ఫైలును కత్తిరించకుండా, మార్చకుండా దాచండి. పంపాల్సి వస్తే మామూలు వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే నాణ్యత పోతుంది.

తర్వాత కడప అటవీశాఖకు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి. గ్రూపుల్లో, స్టేటస్‌లో చోటు పేరు పెట్టకండి. ఆనందం పట్టలేక పెట్టిన ఒక్క లొకేషన్‌తో వారం తిరక్కుండా అక్కడ 20 కార్లు ఆగుతాయి. ఆశ వదులుకోవాల్సిన కాలం మాత్రం కాదిది. చాలా ఏళ్ల మౌనం తర్వాత 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని పిలుపును మళ్లీ రికార్డు చేశారు. వాళ్లు చేసింది కూడా పొద్దుగూకాక చీకట్లో చెవి ఒగ్గి కూర్చోవడమే.

వినకపోతే అది కూడా రాయండి. ఏ చోట, ఏ తేదీన, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, గాలి, వెన్నెల, వినిపించిన మిగతా గొంతులు. ఎక్కడ వెతికారో, ఎక్కడ లేదో రాసిపెడితేనే తర్వాత వెతికేవాళ్లకు దారి తెలుస్తుంది. నా నోట్‌బుక్కులో ఇప్పటికి 31 సాయంత్రాలున్నాయి. చివరి పేజీలో ఇలా ఉంది: "6:02 అస్తమయం. 6:40 కౌజు ఆగింది. 6:47 నుంచి 7:15 దాకా విన్నాం. నైట్‌జార్ రెండు, స్టోన్ కర్లూ ఒకటి, దూరంగా నక్కలు. కలివికోడి లేదు. వచ్చే వారం వంకకు అవతలి గట్టు."